కారు మీద పిట్ట రెట్ట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా పిట్ట రెట్టల మరకల గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, కొంచెం వివరంగానే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది ముదురు నీలం రంగు కారు. ఊరెళ్ళి వచ్చేసరికి బానెట్ మీద నాలుగైదు చోట్ల రెట్టలు ఎండి అట్టకట్టాయి. పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే రెట్ట పోయింది గానీ దాని ఆకారం మచ్చలా అలాగే ఉండిపోయింది, చుట్టూ సన్నటి గీతలు కూడా పడ్డాయి. పెయింటింగ్ షెడ్‌లో చూపిస్తే బానెట్ మొత్తం మళ్ళీ రంగు వేయాలంటున్నారు. వేరే దారే లేదా?

జవాబు: చాలావరకు ఉంటుందండీ. రంగు వేయడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. ముందు ఆ మచ్చ ఏ పొర దాకా దిగిందో చూడాలి, ఆ తర్వాతే మిగతా మాటలు.

కారు మీద మనకు కనబడే రంగు ఒకే పూత కాదు. లోహానికి తుప్పు పట్టకుండా అడుగున ఒక పూత, దాని మీద రంగు బాగా పట్టుకోవడానికి వేసే ప్రైమర్, దాని మీద అసలు రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటాయి. చాలా కార్లకు కంపెనీలో వేసిన పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. అందులో క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో నలభై అన్నమాట. తల వెంట్రుక మందం కూడా ఉండదు. మెరుపంతా దానిదే, ఎండకు రంగు వెలిసిపోకుండా కాపాడేదీ అదే. రెట్ట మచ్చ దాదాపు ఎప్పుడూ ఈ క్లియర్ కోట్‌లోనే ఉంటుంది, కింద రంగుకు ఏమీ కాదు. అందుకే రంగు వేయక్కర్లేకుండానే బాగుపడే అవకాశం ఉందని అంటున్నాను.

ముందు ఆ చోటును కారు షాంపూతో బాగా కడిగి ఆరనివ్వండి. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా పట్టి చూడండి. వేలితో మెల్లగా తడమండి. మచ్చ ఉన్నచోట వేలికి గరుకుగా, ఎత్తుగా తగిలితే రెట్ట ఇంకా పూర్తిగా పోలేదని అర్థం, మళ్ళీ నానబెడితే వచ్చేస్తుంది. వేలికి నున్నగానే తగులుతూ, వెలుతురు పడినప్పుడు మాత్రం మసకగానో ముడతలు పడ్డట్టుగానో కనిపిస్తే క్లియర్ కోట్ పైభాగం దెబ్బతిన్నట్టు. మీ మచ్చ ఈ రెండో రకమే అనిపిస్తోంది. గోరు తట్టుకునేంత గుంట, లేదా బీటలు, లేదా అంచుల్లో పొర లేచి తెల్లగా ఉండటం కనిపిస్తే అది మూడో రకం, అప్పుడు మాత్రం షెడ్‌వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చు.

రెండో రకానికి మొదట ఖర్చులేని పని ఒకటి ఉంది. శుభ్రంగా కడిగిన బండిని కొన్ని గంటలు ఎండలో ఉంచి చూడండి. క్లియర్ కోట్ వేడికి కాస్త మెత్తబడుతుంది, పైపైన పడిన ముడతలు కొన్ని దానంతటదే సర్దుకుంటాయి. అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పలేను గానీ నష్టమేమీ లేదు కాబట్టి ముందు ఇదే చూడటం మంచిది. వేడిగాలి కొట్టే హీట్ గన్‌తో మాత్రం మీరే ప్రయోగాలు చేయకండి, ఒక్కచోట కాసేపు ఎక్కువ నిలబెడితే పొర ఉబ్బుతుంది.

అప్పటికీ తగ్గకపోతే పాలిష్. ముందు అన్నిటికన్నా సన్నరకం పాలిష్ తీసుకుని, ఫోమ్ ప్యాడ్ మీద రెండు చుక్కలు వేసి, మచ్చ చుట్టూ జానెడు మేర మెల్లగా తిప్పుతూ రుద్ది, తుడిచి, మళ్ళీ టార్చ్ వేసి చూడండి. తగ్గుతోందనిపిస్తే ఇంకోసారి. అస్సలు కదలకపోతే అప్పుడు కొంచెం ముతక రకం, అంటే రబ్బింగ్ కాంపౌండ్, దాని తర్వాత తప్పనిసరిగా మళ్ళీ సన్న పాలిష్. చాలామంది నేరుగా కాంపౌండ్‌తో మొదలుపెడతారు, త్వరగా అయిపోతుందని. నాకు అది నచ్చదు. పాలిష్ అంటే మచ్చ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కూడా మచ్చ లోతు దాకా అరగదీయడం, అంతే. అరిగింది మళ్ళీ రాదు. పైగా ఎండ నుంచి కాపాడే రసాయనాలు ఉండేది కూడా ఆ పొరలోనే కాబట్టి ఎంత తక్కువ తీస్తే అంత మేలు. మచ్చ తొంభై శాతం పోయి, దగ్గరికొచ్చి వెతికితే తప్ప కనబడని స్థితికి వస్తే అక్కడ ఆపేయండి, ఆ మిగిలిన కాస్త కోసం పొరంతా అరగదీయడం నష్టం బేరం. పొడిగుడ్డతో పడిన ఆ సన్న గీతలు కూడా ఈ పాలిష్‌కే పోతాయి.

ఇంకా లోతుగా ఉంటే 2000 నుంచి 3000 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే చాలా సన్నరకం గరుకు కాగితంతో, తడిగా రుద్ది ఆపైన మెషిన్ పాలిష్ చేస్తారు. అది మాత్రం చేయి తిరిగినవాళ్ళకే వదిలేయండి. రుద్దబోయే ముందు పెయింట్ మందం కొలిచే గేజ్ పెట్టి చూస్తారా అని అడగండి. గేజ్ అంటే ఏమిటని వాళ్ళే అడిగితే ఇంకో చోటికి వెళ్ళండి.

మళ్ళీ రంగు వేయడానికి నేను ఇంత వెనకాడటానికి కారణం ఉంది. కంపెనీలో వేసిన పెయింట్‌ను ఎక్కువ వేడి మీద కాల్చి గట్టిపరుస్తారు, బయట షెడ్‌లో ఆ వేడి పెట్టడం కుదరదు, ఎందుకంటే అప్పటికే బండిలో ప్లాస్టిక్కులూ వైర్లూ అన్నీ ఉంటాయి. ముదురు నీలం లాంటి మెటాలిక్ రంగులు అచ్చంగా కలవడం కూడా కష్టమే, బానెట్ ఒక్కటే వేస్తే పక్క ఫెండర్లతో తేడా కొట్టొచ్చినట్టు కనబడే ప్రమాదం ఉంది. పొర చీలిపోయినప్పుడు తప్పదు. మసక మచ్చకి మాత్రం అది చాలా పెద్ద శిక్ష.

ప్రశ్న: రెట్టలో యాసిడ్ ఉంటుంది కాబట్టి వంటసోడా రాస్తే విరుగుడు అవుతుందని ఒకరు, టూత్‌పేస్ట్ అని ఇంకొకరు, వెనిగర్ అని మరొకరు, కిరసనాయిలు అని మా డ్రైవర్. ఏది నమ్మాలి?

జవాబు: నాలుగూ వద్దండీ. ఎందుకు వద్దో అర్థం కావాలంటే అసలు రెట్ట పెయింట్‌ను ఏం చేస్తుందో తెలియాలి.

పక్షులు మనలా మూత్రం విడిగా పోయవు. శరీరంలో నీరు వృథా కాకుండా, వ్యర్థాన్ని యూరిక్ యాసిడ్ రూపంలో ముద్దలా చేసి మలంతో కలిపి ఒకే దారిన బయటకు పంపేస్తాయి. రెట్టలో తెల్లగా కనిపించేది ఆ యూరిక్ యాసిడే, నల్లగా ఉండేది మలం. ఈ యూరిక్ యాసిడ్ నీళ్ళలో అంత తేలిగ్గా కరగదు, అందుకే ఒక చెంబెడు నీళ్ళు గుమ్మరించినంత మాత్రాన ఎండిన రెట్ట వదలదు. దీనికి తోడు తిన్నది అరిగించే ఎంజైములు కూడా రెట్టలో కలిసి వస్తాయి, అవి క్లియర్ కోట్‌లోని రసాయన బంధాలను కొంత దెబ్బతీస్తాయి.

అయితే యాసిడ్ ఒక్కదాన్నే తప్పుపడితే సగం కథే చెప్పినట్టు. మిగతా సగం ఎండది. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు బానెట్ 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే, ఆ వేడికి క్లియర్ కోట్ మెత్తబడి కొద్దిగా సాగుతుంది. అదే సమయంలో దాని మీద రెట్ట ఎండి గట్టి పెంకులా తయారవుతుంది. సాయంత్రం బండి చల్లబడుతుంటే సాగిన పొర మళ్ళీ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ ఆ పెంకు ఆకారాన్ని పట్టుకుంటుంది. అందుకే మచ్చ అచ్చుగుద్దినట్టు రెట్ట ఆకారంలోనే ఉంటుంది, అందుకే గింజలు గింజలుగా ఉండే రెట్ట ఎక్కువ అచ్చు వేస్తుంది, అందుకే నీడలో రాత్రంతా ఉన్న రెట్ట కన్నా మిట్టమధ్యాహ్నం కొన్ని గంటలు ఉన్న రెట్ట ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇప్పుడు చూడండి, మచ్చ పడిపోయాక వంటసోడా ఏం విరుస్తుంది? ముడతపడిన పొరను అది సరిచేయలేదు. సరిగ్గా కరగని సోడా పలుకులు మాత్రం గీతలు పెడతాయి. టూత్‌పేస్ట్ అంటే పళ్ళను రుద్దడానికి కలిపిన పొడి, దాని ముతకదనం ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది, కారు పాలిష్‌లా లెక్క ప్రకారం తయారుచేసింది కాదు. వెనిగర్ తనే ఒక ఆమ్లం, ఆమ్లం పడిందని ఇంకో ఆమ్లం పోయడంలో అర్థం లేదు. కిరసనాయిలు రెట్టను కరిగించదు, పెయింట్ మీద రాసిన వాక్స్ పూత ఉంటే దాన్ని మాత్రం ఊడ్చేసి జిడ్డు వదిలిపోతుంది. థిన్నర్ పేరు మీరు రాయలేదు గానీ చెప్పేస్తున్నాను, బయట రంగు వేయించిన ప్యానెల్ అయితే థిన్నర్ తగిలిన చోట రంగే లేచి రావచ్చు.

పనికొచ్చేవి నీళ్ళు, కారు షాంపూ, ఓపిక. ఒక మైక్రోఫైబర్ గుడ్డనో మెత్తటి కాగితం టవల్‌నో గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నీళ్ళు కారుతుండగానే రెట్ట మీద పరిచి, పది నిమిషాలు వదిలేయండి. బాగా ఎండినదైతే గుడ్డ ఆరకుండా మధ్యలో ఇంకొన్ని నీళ్ళు పోస్తూ ఇంకో పది నిమిషాలు. తర్వాత గుడ్డతోనే రెట్టను పట్టుకుని పైకి ఎత్తండి, రుద్దకండి. ఇక్కడే అందరూ తొందరపడతారు. పక్షులు ఆహారం అరగడానికి చిన్న చిన్న రాళ్ళూ ఇసుకా మింగుతాయి, గింజల ముక్కలు ఎలాగూ ఉంటాయి, అవన్నీ రెట్టలోకి వస్తాయి. పక్కకు లాగి తుడిస్తే ఆ ఇసుకను మీ చేత్తోనే పెయింట్ మీద ఈడ్చినట్టు. ఎత్తిన తర్వాత గుడ్డను మడిచి శుభ్రమైన వైపుతో మిగిలింది ఎత్తండి, ఇంకా ఉంటే మళ్ళీ నానబెట్టండి. చివర్లో షాంపూ నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. బానెట్ ముట్టుకుంటే కాలేలా ఉంటే ముందు బండిని నీడకు మార్చండి, లేకపోతే గుడ్డలో తడి క్షణాల్లో ఆరిపోతుంది, షాంపూ కూడా అక్కడే ఎండి ఇంకో మరక పెడుతుంది.

పండ్లు తిన్న పిట్టల రెట్ట కడిగాక కూడా ఒక్కోసారి ఊదా రంగు ఛాయ మిగులుతుంది, ముఖ్యంగా తెల్ల కార్ల మీద. అది పండు రంగు. క్విక్ డిటైలర్ అని అమ్మే స్ప్రే కొట్టి మెత్తగా తుడిస్తే చాలావరకు పోతుంది, మిగిలిన కాస్తా సన్న పాలిష్‌కు వదులుతుంది.

ప్రశ్న: చాలా డబ్బు పెట్టి సిరామిక్ కోటింగ్ చేయించాం. పావురం రెట్ట పడితే అయినా మచ్చ వచ్చింది. కోటింగ్ చేసినవాళ్ళు మోసం చేశారా?

జవాబు: మచ్చ వచ్చినంత మాత్రాన మోసం అనలేం. కానీ "ఇక ఏం పడినా ఫర్వాలేదు" అని చెప్పి అమ్మి ఉంటే మాత్రం అది తప్పు మాట. సిరామిక్ కోటింగ్ చాలా పలచటి పొర. దాని వల్ల నీళ్ళు నిలవవు, మురికి తొందరగా అంటదు, రెట్ట కూడా తేలిగ్గా వదులుతుంది. పొర కింద క్లియర్ కోట్ వేడికి సాగడాన్ని అది ఆపలేదు కదా. మీకు దొరికేది అదనపు సమయం, అంతే. ఆ సమయంలోపు కడిగేస్తే డబ్బుకు ఫలితం దక్కినట్టు, వారం వదిలేస్తే ఏ కోటింగూ కాపాడదు.

మామూలు వాక్స్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో అరిగిపోతుంది, మళ్ళీ వేయాలి. వాక్స్ లాగే పైన పూసే సింథటిక్ సీలెంట్లు ఇంకొన్ని నెలలు ఎక్కువ నిలుస్తాయి. నిజంగా మచ్చను తన మీద వేసుకునేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన ఫిల్మ్, అది మందంగా ఉంటుంది కాబట్టి దెబ్బ ఫిల్మ్‌కే తగులుతుంది, మంచిరకం ఫిల్మ్ మీద సన్న గీతలు వేడికి వాటంతటవే పూడుకుంటాయి కూడా. బానెట్, రూఫ్ వరకే వేయించుకున్నా రెట్టల సంగతికి సరిపోతుంది. ఒక జాగ్రత్త, మీ మచ్చను ఇప్పుడు పాలిష్ చేస్తే ఆ చోట కోటింగ్ కూడా అరిగిపోతుంది, మళ్ళీ అక్కడ వేయించుకోవాలి. మీ బిల్లులో వారంటీ షరతులు ఏమున్నాయో చూసుకుని, కోటింగ్ చేసినచోటే ముందు అడగండి.

ప్రశ్న: ముందద్దం మీద పడితే వాషర్ నీళ్ళు కొట్టి వైపర్ వేస్తాను. తప్పా?

జవాబు: తడిగా ఉన్నా వద్దు. అద్దమంతా పులుముకుని దారి కనబడదు, అది నడుస్తున్న బండిలో ప్రమాదం. రెట్టలోని ఇసుక వైపర్ రబ్బరులో ఇరుక్కుంటే ప్రతి ఊపుకీ అద్దం మీద వంపు గీత పడుతుంది, అద్దం మీద గీతలు పెయింట్ మీద గీతల్లా పాలిష్‌కు సులువుగా పోవు. బండి పక్కకు ఆపి తడిగుడ్డ వేసి ఎత్తేయండి, వైపర్ రబ్బరును కూడా ఒకసారి తుడవండి. అద్దానికి రెట్ట వల్ల మచ్చ పడదు కాబట్టి ఇక్కడ టెన్షన్ అక్కర్లేదు. చలికి అద్దం గడ్డకట్టినట్టుంటే మాత్రం వేడినీళ్ళు పోయకండి, పగలొచ్చు.

ప్రశ్న: మాది మ్యాట్ ఫినిష్ కారు. పాలిష్ చేయించవచ్చా?

జవాబు: వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మ్యాట్ అంటేనే పైపొర కావాలని గరుకుగా ఉండటం. పాలిష్ చేస్తే ఆ చోట నున్నబడి మెరుస్తుంది, ఆ మెరుపును మళ్ళీ మ్యాట్‌గా మార్చే మందు లేదు, ప్యానెల్ మొత్తం వేయించడమే మిగులుతుంది. మామూలు వాక్స్ కూడా పనికిరాదు. మ్యాట్ కోసమే చేసిన షాంపూ, మ్యాట్ కోసమే చేసిన సీలెంట్ వాడండి. మీలాంటివాళ్ళు రెట్ట కనబడిన గంటలోనే నానబెట్టి తీసేయాలి, ఎందుకంటే పొరపాటున మచ్చ పడితే దిద్దుకునే దారి మిగతావాళ్ళకు ఉన్నట్టు మీకు లేదు.

ప్రశ్న: ఈమధ్యే బంపర్‌కు, డోర్‌కు రంగు వేయించాం. రెట్ట పడకుండా వెంటనే వాక్స్ వేయమంటారా?

జవాబు: వెంటనే వద్దు. కొత్త పెయింట్‌లోంచి సాల్వెంట్లు, అంటే రంగును పలచగా ఉంచే ద్రవాలు, కొన్ని వారాల పాటు మెల్లగా బయటికి పోతూ ఉంటాయి, పైన వాక్స్ వేస్తే ఆ దారి మూసినట్టవుతుంది. ఎన్ని రోజులు ఆగాలో రంగు వేసినవాళ్ళనే అడగండి, మామూలుగా 30 నుంచి 60 రోజులు చెబుతారు. ఆ రోజుల్లో పెయింట్ ఇంకా మెత్తగా ఉంటుంది, రెట్ట మచ్చ చాలా తొందరగా పడుతుంది. కాబట్టి కుదిరితే కప్పున్న చోట పెట్టండి, లేకపోతే రోజుకు రెండుసార్లు బండి చుట్టూ తిరిగి చూడండి. రెట్ట కనిపిస్తే ఉత్త నీళ్ళతో నానబెట్టి తీసేయండి.

ప్రశ్న: ఆదివారాలు మా పిల్లలు కూడా బండి కడగడానికి వస్తారు. ఎండిన రెట్టలను బ్రష్‌తో గీకేస్తుంటారు. ఆరోగ్యానికి ఏమైనా ఇబ్బందా?

జవాబు: పొడిగా గీకనివ్వకండి, దయచేసి. ఎండిన రెట్ట పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిటకోసిస్ అనే బాక్టీరియా జబ్బు, హిస్టోప్లాస్మోసిస్, క్రిప్టోకోకోసిస్ అనే ఫంగస్ జబ్బులు వచ్చే వీలుంది. కారు మీద ఒకటి రెండు రెట్టలతో ముప్పు తక్కువే, భయపడాల్సిన పనిలేదు. కానీ రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలు దూరంగా ఉండటం మంచిది. పూర్తిగా తడిపాక దుమ్ము లేవదు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. రెట్ట తీసిన గుడ్డను మిగతా కారు తుడిచే గుడ్డలతో కలపకండి, కాగితం టవల్ అయితే పారేయొచ్చు కాబట్టి ఇంకా మేలు.

ప్రశ్న: మాకు పార్కింగ్ చెట్టు కిందే. ఇంకో చోటు లేదు. రోజూ కవర్ వేస్తే సరిపోతుందా? లేక ఆ కొమ్మలు కొట్టించమంటారా?

జవాబు: కొమ్మల జోలికి వెళ్ళకండి. చెట్టు నీడ వల్ల మీ బండికి జరిగే మేలు కూడా ఉంది, ఎండలో కాలే బానెట్ మీద పడిన రెట్టకూ నీడలో పడిన రెట్టకూ తేడా పైన రాశాను. గూళ్ళున్న కొమ్మ కింద కాకుండా నాలుగు అడుగులు ముందుకో వెనక్కో పెట్టగలరేమో చూడండి, రెట్టలు ఎక్కువగా పడేది పిట్టలు రాత్రి వాలే కొమ్మలకూ తీగలకూ సరిగ్గా కిందే. నేల మీద తెల్ల మచ్చలు చూస్తే ఆ గీత ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

కవర్ మంచిదే, బండి శుభ్రంగా ఉన్నప్పుడు వేస్తే. దుమ్ము మీద కవర్ వేస్తే గాలికి అది కదిలినప్పుడల్లా ఆ దుమ్ము పెయింట్‌ను రుద్దుతుంది, రెట్ట గీతలు తప్పించబోయి బండి నిండా గీతలు తెచ్చుకున్నట్టవుతుంది. లోపలివైపు మెత్తటి గుడ్డ ఉన్న కవర్, కింద బిగించి కట్టుకునే తాళ్ళున్నది తీసుకోండి. కవర్ మీద పడిన రెట్టను కూడా కడగాలి, లేకపోతే మడిచినప్పుడు అదే లోపలివైపు అంటుకుంటుంది.

రోజూ దుమ్ము పడే చోటైతే, రోజూ కడిగే వీలు లేకపోతే, కవర్ మానేసి డిక్కీలో ఒక చిన్న సంచి పెట్టుకోవడమే నయమంటాను. అందులో నీళ్ళ స్ప్రే సీసా, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, గ్లవ్స్, వాడేసిన గుడ్డలు వేయడానికి ఒక కవరు చాలు. పొద్దున బండి తీసే ముందు రూఫ్, బానెట్, డిక్కీ మూత చూసి, రెట్ట ఉంటే తడిగుడ్డ పరిచి, ఈలోపు టైర్లలో గాలి చూసుకుని, వచ్చి ఎత్తేసి బయల్దేరవచ్చు. రూఫ్ పైకి తొంగి చూడటం మాత్రం మర్చిపోకండి, ఎత్తు బండ్లలో అది కంటికి ఆనదు, మాకు ఫోటోలు పంపినవాటిలో అన్నిటికన్నా లోతైన మచ్చలు రూఫ్ మీదవే.